శాకాహారులకు వాటా ఇవ్వబడదు

ముందుగా ఒక మనవి. మా ఆయన పోయాక, అరవై రెండో ఏట, సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఎక్కడైనా తప్పితే సరిచేసుకుని చదవండి. నా రాత నిదానం. ఇది పూర్తవడానికి రెండు నెలలు పట్టింది.

ఒక పట్నంలో గాజుతొట్లన్నీ నీటిమొక్కల పేర రిజిస్టరై ఉన్నందువల్ల, చేపలు వాటిలో అద్దెకు ఉండేవి. వేరున్నవాళ్ళకే స్థిరాస్తి అని మున్సిపాలిటీ నిబంధన. చేపకు వేరు లేదు. ఎన్ని తరాలు ఒకే నీళ్ళలో ఈదినా అద్దెకున్నట్టే. దీనిమీద అభ్యంతరం ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందులో మొదటి గడి శాశ్వత చిరునామా.

తొట్లన్నిటి మీదా ఒకే బోర్డు ఉండేది: "వాటా అద్దెకు కలదు. శాకాహారులు అడగనక్కరలేదు." యజమానులు మొక్కలు కనుక ఎవరూ తప్పుపట్టలేదు.

పైడమ్మ బంగారు చేప. నిండు కడుపుతో ఉంది. పాత ఇంటివాళ్ళు ఖాళీ చేయించడంతో పాలిథిన్ సంచిలోకి మారింది. మూతికి రబ్బరు బ్యాండు వేసిన ఆ సంచిలో గాలి రెండు రోజులకు సరిపోతుంది. ఈలోగా గుడ్లు పెట్టాలి. ఆకుకు అంటుకున్న గుడ్లే పిల్లలవుతాయి. సంచి అడుగున పడినవి బూజు పట్టిపోతాయి.

ఇళ్ళు చూపించే బ్రోకరు అప్పన్న, నత్త.

"ఒలే పైడమ్మా, ఆకు తింతానని ఎక్కడా అనీకు. పురుగులే తింతానని సెప్పు," అన్నాడు.

"రెండూ తింతాను గదన్నా."

"రెండోది నాకినబళ్ళేదు."

నత్త వెంట వెళ్ళడం వల్ల మొదటి ఇల్లు చేరేసరికే ఒక రోజు గడిచింది. ఆ తొట్టి యజమాని కాత్యాయనిగారు, కత్తుల్లాంటి పొడుగాటి ఆకుల మొక్క.

"ఇంటిపేరేమిటమ్మా?" అని అడిగింది.

"ఇల్లే నేదు గదమ్మా."

"ఊరికే అడిగాను. మాకేం పట్టింపుల్లేవు. మా మామగారు ఆఖరి రోజుల్లో బంగారు చేపలతోనే కలిసున్నారు."

"ఇప్పుడెలగున్నారమ్మా?"

"కాడ మిగిలింది. నాకైతే ఫరవాలేదమ్మా, పక్కింటి నాచువాళ్ళే ఊరుకోరు. ఆఫీసు నుంచి ఒక కాయితం తెచ్చుకున్నావనుకో, వాళ్ళ నోరు మూతపడుతుంది."

పై వాటా అప్పటికే ఒక ఫైటర్ చేపకు ఇచ్చారు. వెనకటి ఇంట్లో ఇద్దరు సాటి అద్దెవాళ్ళను అతను చంపినట్టు అతని కాయితాల్లోనే రాసి ఉంది. "ఎంత పద్ధతైనవాడో! ఆకు వంక కన్నెత్తి చూడడు," అంది కాత్యాయనిగారు.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ పొత్తు ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్ళింది. గుమాస్తా సన్యాసిరావు పెద్ద చార్టు విప్పాడు. ఎడమ పక్క మొక్కలు, కుడి పక్క చేపలు. బంగారు చేపకు ఎదురుగా పై నుంచి కింది దాకా ఎర్ర సిరాతో "కుదరదు" అని ఉంది.

"ఇది ఎవులు రాసినారు బాబూ?"

"నా ముందున్నాయన."

"ఆయన్ని మావోళ్ళెవులైనా కొరికినారేటి?"

"ఆయన చేపను చూసి ఉండడు. పైనుంచి ఎలా వస్తే అలా చార్టులో ఎక్కించడమే, చూడక్కర్లేదు. మాంసాహార ధ్రువపత్రం ఉంటే చార్టుతో పని లేదు."

"అయితే పురుగులెట్టండి, మీ ఎదరే తింతాను."

"ఆఫీసు పురుగులు చెల్లవమ్మా. ఊరికే పెడితే అందరూ తింటారు. నిరుడు ముప్పై మంది అలాగే పత్రాలు పట్టుకెళ్ళి, ఇంటికి పోయి ఆకులు మేశారు. ఇప్పుడు ఎవరింటి మాంసం వాళ్ళు తిని చూపించాలి."

పైడమ్మ తన ఇంట్లో వెతికింది. నీళ్ళున్నాయి, కొంచెం గాలి ఉంది.

సన్యాసిరావు ఆమె కడుపు వంక చూసి, నిబంధనల పుస్తకం తిరగేశాడు. "గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది," అన్నాడు.

"ఇల్లు పిల్లల కోసమే గద బాబూ."

"ముందు ఇల్లుండాలి కదమ్మా. పిల్లలు మళ్ళీ పుడతారు. గాలి ఎంతసేపుంది?"

"గంటన్నర."

"నేను ఒంటిగంటకు భోజనానికి లేస్తాను. చూసుకో."

సంచికి అతుక్కుని వచ్చిన అప్పన్న సాక్షిగా ఉండాలి. పైడమ్మ సంచిలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టగానే అతను గుల్లలోకి వెళ్ళిపోయాడు. లోపల ఉండి పెట్టిన సంతకం చెల్లుతుందని గుమాస్తా చెప్పడంతో లోపలే సంతకం పెట్టాడు. నూట ఎనభై గుడ్లు. చేపకు కంటిరెప్పలు ఉండవు కనుక పైడమ్మ అన్నిటినీ చూస్తూనే తిన్నది. చివరి గుడ్డు దాకా సన్యాసిరావు లేవలేదు. భోజనం పది నిమిషాలు ఆలస్యమైంది, అయినా ఆయన విసుక్కోలేదు.

గాలి అయిపోయేలోగానే పైడమ్మ వాటాలో దిగింది. నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కాత్యాయనిగారు కిందివరస వెడల్పాటి ఆకు చూపించి, "నీ గుడ్లు ఇక్కడ పెట్టుకోమ్మా, మొహమాటపడకు," అంది.

పత్రం గడువు ఒక్క కాన్పు. ప్రతి కాన్పుకూ తిరగరాయించుకోవాలి. రెండోసారి గుమాస్తాయే తొట్టి దగ్గరకు వచ్చాడు. మూడోసారికి, పైడమ్మ మీద నమ్మకం కుదిరి, రానక్కర్లేదన్నాడు; తిన్నానని ఆమె రాసిచ్చే కాయితం చాలన్నాడు. అప్పటినుంచి ఆమె గడువుకు ముందే రాసి పంపుతోంది. ఒక్కసారీ అబద్ధం రాయలేదు.

ఇరుగుపొరుగు మొక్కలు చూడటానికి వచ్చినప్పుడల్లా కాత్యాయనిగారు పైడమ్మను ముందుకు పిలుస్తుంది.

"చెబితే తప్ప బంగారు చేపని తెలియదు కదూ! వాళ్ళలా ఉండదు. అచ్చం మనలాగే ఉంటుంది," అంటుంది.

"అంతా మీ దయమ్మా," అంటుంది పైడమ్మ. నోట్లో ఏదో ఉన్నందువల్ల మాట స్పష్టంగా వినిపించదు.

బోని అప్పలనరసమ్మ,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం బొబ్బిలిలో, అద్దెకు.