అత్యుత్తమ అభ్యర్థి, స్వర్గీయ ముత్యాలు

కౌలాలంపూర్‌కు దగ్గర్లో, కౌలా సెలంగోర్ ఊరి శివార్లలోని ఒక పామాయిల్ మిల్లువారు బాయిలర్ సూపర్‌వైజర్ కొలువుకు వచ్చిన నూటపదకొండు దరఖాస్తులనూ కూలంకషంగా పరిశీలించి, అందరిలోకీ అత్యుత్తమ అభ్యర్థి స్వర్గీయ ముత్యాలుగారేనని తేల్చారు. తాము స్వర్గీయులైన సంగతి మాత్రం ముత్యాలుగారికి ఎవరూ చెప్పలేదు. ఆ సమయానికి వారు ఇంటి వెనక లుంగీ ఎగగట్టి మోటార్‌సైకిల్ చెయిన్‌కు నూనె రాస్తున్నారు.

జరిగినదంతా చాలా సహజంగానే జరిగింది. ముత్యాలు ఇరవైయేడేళ్ళు బాయిలర్ నడిపిన పాత మిల్లు మూతపడింది. ఆవిరిని నమ్ముకున్న ఉద్యోగం ఆవిరైపోయింది. యాభైమూడేళ్ళ వయసులో ఈ కొత్త మిల్లూ తప్పిపోతే, ఇక సూపర్‌మార్కెట్ ముందు నిలబడి కార్లకు చెయ్యూపడమే గతి. ఆయన దగ్గరొక బయోడేటా ఉంది. ఒకటే పేజీ. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఎస్టేటు, బాయిలర్ లైసెన్సు నంబరు, కింద సంతకం. అబద్ధం ఆడదామన్నా చోటు లేనంత కురచ కాగితం.

కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు షామిని దాన్ని చూసి, అక్కడ ప్రతి మాటకూ తోకగా తగిలించే 'లా'తో సహా నొచ్చుకుంది.

"ఏటి నాన్నా ఇది? ఇప్పుడెవరు కాగితం సూస్తారు లా! ఆన్‌లైన్‌ల ప్రొఫైల్ ఉండాల."

ప్రొఫైల్‌లో ప్రో ఉంది, ఫైలూ ఉంది. ముత్యాలు దగ్గర ఫైలొక్కటే ఉంది. ప్రో సంగతి కూతురు చూసుకుంది. బాయిలర్‌లోకి పామ్ గెలల పీచు ఎగదోసిన మనిషి గంటలో 'పునరుత్పాదక ఇంధన వ్యూహకర్త' అయ్యాడు. పొగ రంగు చూసి లోపలి సంగతి చెప్పడం 'డేటా విశ్లేషణ' అయింది. టీ తాగుతూ కూలీల మీద కేకలేయడం 'బృంద నాయకత్వం' అయింది. ముత్యాలు అదంతా శ్రద్ధగా విన్నాడు.

"ఈ మనిసెవరో గాని, ఉద్యోగం ఇచ్చీయొచ్చు," అన్నాడు.

అయితే అలంకారం ఒక్కటే చాలదు, ఆధారం కూడా కావాలి. తెలిసిన నలుగురూ ఆ ప్రొఫైల్ కింద నాలుగు మంచిమాటలు రాయాలి. మనవాళ్ళ ఆచారం అడ్డం తిరిగింది ఇక్కడే. మనలో ఒక మనిషిని పదిమందిలో పొగిడే సందర్భం ఒక్కటే, ఆయన్ను పడుకోబెట్టి పూలు వేసినప్పుడు. కూర్చున్నవాణ్ణి పొగిడే భాష తాతలు ఓడ దిగినప్పుడు సామాన్లలో రానేలేదు. కాబట్టి ప్రతి చావింట్లోనూ మైకు పట్టే బావమరిది వేలాయుధం, తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క పొగడ్తను యథాతథంగా ఎక్కించాడు:

"ముత్యాలుగారు ఏనాడూ ఎవరికీ హాని తలపెట్టలేదు. ఆయన లేని లోటు బాయిలర్ రంగానికి తీరనిది. కుటుంబానికి దేవుడు ధైర్యం ఇచ్చుగాక."

పద్ధతి ఇదే కాబోలని పదకొండుమంది చుట్టాలు అలాగే రాశారు. అవి చదివి, ఎక్కడో దూరాన హుటాన్ మెలింటాంగ్ ఊరి దాకా ఉన్న పరిచయస్తులు, మనిషి నిజంగానే పోయాడని కుమిలిపోయారు. పాత మిల్లులో పద్దెనిమిదేళ్ళు ముత్యాలుతో మాట్లాడని ఫోర్‌మన్ పువనేశన్ అయితే, "ఆ రోజు బాయిలర్ పేలకుండా ఆపింది ముత్యాలే, మెడల్ తీసుకున్నది నేను," అని రాసి, ఏడుపు బొమ్మలు ఆరు పెట్టాడు. మొత్తం నూటనలభైమూడు మంచిమాటలు పోగయ్యాయి. మిల్లువారి కంప్యూటరు అంతటి యోగ్యుణ్ణి పుట్టి ఎరగదు. మొదటి స్థానం ఇచ్చి, పక్క గడిలో 'మరణించారు' అని నింపింది.

పదకొండింటికి మిల్లువారి పూలదండ ఇంటికొచ్చింది. సంతకం చేసి తీసుకున్నది ముత్యాలే. విషయం తెలిశాక ఫోన్లో ఆ మాటలన్నీ కూర్చుని చదివాడు. పువనేశన్ రాసిన దగ్గర కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. తాను ఇంత మంచివాణ్ణని తెలిస్తే ముందే కొంచెం గర్వపడేవాడు కదా!

బయోడేటా పట్టుకుని మిల్లుకు పరుగెత్తాడు. హెచ్చార్‌లో మిషెల్ అనే అమ్మాయి ఉంది. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడడమే కొంచెం కొరత.

"అంకుల్, సారీ లా. మీరు చచ్చిపోయినారు. సిస్టమ్‌ల ఉంది."

"ఎదురుగా కూకున్నాను కదమ్మా!"

"నాకు తెలుసు అంకుల్. సిస్టమ్‌కి తెలీదు. బతికినట్టు లెటర్ తెండి."

ముత్యాలు బయోడేటా చాచాడు. మిషెల్ దాన్ని తిప్పి వెనకవైపు చూసింది. "ఇందుల మీరు మాత్రమే రాసినారే! మీ గురించి ఎవరూ ఏమీ రాయలేదా?"

హెచ్చార్ వారి హెచ్చరికతో తెలుగు సంఘం అత్యవసర సమావేశం జరిపింది. అధ్యక్షుడు వినోద్‌కుమార్ గంభీరంగా ప్రసంగించాడు: "సభ్యులారా! ముత్యాలుగారు మన మధ్య లేరన్న వార్త పూర్తిగా నిరాధారం. వారు మన మధ్యనే, మూడో వరసలో, ఫ్యాను కింద ఉన్నారు. ఈ పరిణామాన్ని సంఘం తీవ్రంగా పరిగణిస్తోంది." రెండు ముద్రలతో లేఖ సిద్ధమైంది. సర్వజనులకూ తెలియాలని దాన్ని వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పెట్టారు.

సర్వజనులకూ తెలిసింది.

"బతికే ఉన్నాడా? ముందే సెప్పాల కదా!" అని మండిపడి పువనేశన్ తన మాట మొట్టమొదట వెనక్కి తీసుకున్నాడు. బతికున్నవాడి గురించి అంతేసి మాట రాసి ఉంచితే రేపు నెత్తికెక్కి కూర్చోడా అని మిగతావాళ్ళూ వరసగా చెరిపేశారు. సాయంత్రం టీ వేళకు ఒక్కటే మిగిలింది. వేలాయుధం ఫోన్ చేశాడు.

"బావా, ఏటీ అనుకోకు. నలుగురితో పాటు నానూ సెరిపేస్తన్నాను. నీది బద్రంగా దాసుంచినానులే, ఎప్పుడో పనికొస్తాది."

మిల్లువారు లేఖను గౌరవించి ముత్యాలును అధికారికంగా బతికించారు. కంప్యూటరు మళ్ళీ లెక్క కట్టి, మంచిమాటలు సున్నా అని చూసి, ఆయన్ను నూటపదకొండో స్థానంలో కూర్చోబెట్టింది. కొలువు, బాయిలర్‌ను ఫొటోలో స్పష్టంగా చూసిన యువకుడికి దక్కింది.

"ఏటన్నారు?" అని గుమ్మంలోనే అడిగింది భార్య నూకమ్మ.

"సచ్చినోడిగా ఫస్టంట. బతికినోడిగా లాస్టంట."

ఇది చదివి ముత్యాలు గురించి నాలుగు మంచిమాటలు చెబుదామని గొంతు సవరించుకుంటున్న సహృదయులకు మనవి. తొందరేమీ లేదు. ఆయన ఆరోగ్యం దిట్టంగానే ఉంది.