మా ఇంట్లో పచ్చపట్టీ పరీక్ష

నాకు జరిగిన అన్యాయం నలుగురికీ చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను పనిచేసే లాబ్‌లో ఎనిమిది నెలలుగా ఒక కాగితపు పట్టీని పరీక్షిస్తున్నాను. దాని చివర ఎంజైము పూసి ఉంటుంది. నాలుకకి తగిలించి రెండు నిమిషాలు ఆగితే, మందు తాగినవాడి దగ్గర తెల్లపట్టీ ఆకుపచ్చగా మారుతుంది. ఎంత తాగితే అంత ముదురు పచ్చ.

అలాంటి పట్టీ నా చేతిలో ఉంది. ఇంట్లో బావమరిది ఉన్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి, నెలన్నరగా నా గదిలో, నన్ను కింద చాప మీదికి దింపి, నా మంచం మీద పడుకుని వెతుక్కుంటున్నాడు. రోజూ సాయంత్రం బయటికెళ్ళి, నోట్లో పిప్పరమెంటు బిళ్ళతో తిరిగొస్తాడు. ఏ పాపమూ ఎరగనివాడికి బిళ్ళతో పనేమిటి?

"మా తమ్ముడు మంచినీళ్ళు కూడా వడగట్టుకుని తాగుతాడు," అంది మా ఆవిడ.

"అయితే పరీక్షకి భయమెందుకు? పచ్చబడితే నా గది ఖాళీ చెయ్యాలి."

"పచ్చబడకపోతే?"

"గది వాడికే ఇచ్చేస్తాను."

నా నాలుకని అక్కడే పట్టుకుని ఆపేవాళ్ళు లేకపోయారు.

శనివారం లాబ్ నుంచి వస్తూనే భోజనాల బల్ల మీద పట్టీలు, రంగుల కార్డు, గడియారం పేర్చాను. శుభ్రత ముఖ్యం కనుక, చేతులకి శానిటైజరు ధారాళంగా రాసుకున్నాను. మా పిప్పరమెంటు బావమరిది నాలుక చాపాడు. రెండు నిమిషాల్లో పట్టీ చిలకపచ్చ.

నేను విజయగర్వంతో చూస్తుంటే, "నాకూ పెట్టండి," అంది మా ఆవిడ. పచ్చ. మా దగ్గరే ఉంటున్న అత్తగారు పళ్ళసెట్టు తీసి మరీ నాలుక అందించారు. అదీ పచ్చే.

"డెబ్భై ఏళ్ళొచ్చాక తాగుబోతునయ్యానా నాయనా," అని ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

మా ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతుంది. తప్పు లెక్క కనబడితే పసిపిల్లల్నే వదలదు. గ్లాసుతో కుళాయి నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. పట్టీ ముంచాను. పచ్చ.

"కుళాయి కూడా తాగొచ్చింది పాపం," అంది. తర్వాత నా చెయ్యి వాసన చూసింది. "ఈ శానిటైజరులో ఉండేది ఆల్కహాలే కదా? కడుక్కు రండి."

లాబ్‌లో కొత్తవాళ్ళకి ఈ జాగ్రత్త చెప్పేది నేనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

చేతులు కడిగి, తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. కుళాయి తెలుపు. అత్తగారు తెలుపు. మా ఆవిడ తెలుపు. పిప్పరమెంటు మల్లెపువ్వు.

"మరి ఆ బిళ్ళలెందుకురా?"

"కంప్యూటర్ క్లాసుకి వెళ్తున్నా బావా. పక్కన కూర్చునే అమ్మాయికి నోటి వాసన రాకూడదని," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఇంకొకరు మిగిలారు," అంది మా ఆవిడ, పట్టీ తానే అందుకుని.

నా పట్టీకి రెండు నిమిషాలు కూడా అక్కర్లేకపోయింది. కార్డులో ఆఖరి గడి రంగుకి వెళ్ళి ఆగింది.

"మేనేజరు పుట్టినరోజు. పళ్ళరసమని ఇచ్చారు," అన్నాను.

"ఎన్ని గ్లాసులు?"

"మూడు. పళ్ళు ఆరోగ్యానికి మంచివి కదా."

"సరే, మీ మాటే నిజం. రసంలో ఏమీ లేదు. అయితే పట్టీ పనికిరాదని ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. పందెం కూడా రద్దు చేద్దాం, మీ గది మీకే."

కలం చేతిలోకి తీసుకున్నాను. ఎనిమిది నెలలు. నాలుగువందల పన్నెండు పరీక్షలు. కన్నబిడ్డలాంటి పట్టీని పనికిమాలినదని నా చేత్తో ఎలా రాయను? మీరైతే రాస్తారా?

"పట్టీకి వంక పెడితే ఊరుకోను. అది నూటికి నూరుపాళ్ళూ సరిగ్గా పనిచేస్తుంది," అన్నాను కోపంగా.

"నాకూ అలాగే అనిపించింది," అంది మా ఆవిడ కలం వెనక్కి తీసుకుంటూ. "తమ్ముడూ, బావగారి దిండూ దుప్పటీ హాల్లో వేసెయ్."