నీళ్ల శాఖ వారి సూపర్‌హిట్

రాక్ సంగీతానికి తమ శాఖ చేసినంత సేవ ఇంకెవరూ చేయలేదని నీటి సరఫరా మంత్రిగారు పత్రికలవారిని పిలిచి మరీ ప్రకటించారు. ఇందులో అబద్ధమేమీ లేదు. 'ఇక ఆగేది లేదు' అనే ఆ ఆల్బమ్‌ను ఆయనే చేరదీయకపోతే, ఉరుము అని పేరుపడ్డ గాయకుడు ఈపాటికి పంక్చర్లు వేసుకుంటూ ఉండేవాడు.

ఆల్బమ్ తయారైంది డ్రమ్మర్ మేనమామ టైర్ల గోడౌన్‌లో. గోడల పొడుగునా టైర్లు పేర్చి ఉండటంతో చప్పుడు బయటికి పోయేది కాదు. విడుదలయ్యాక కూడా పోలేదు. విన్నది నలుగురే, ఆ నలుగురూ బ్యాండే. గొంతు చించుకుని పాడింది ఒక్క పరాయి చెవిన కూడా పడలేదని ఉరుము కుమిలిపోయాడు.

"ఆ అరుపేదో నీళ్లాఫీసుకెళ్లి అరువు నాయనా. కుళాయి ఎండి ఎన్నాళ్లయింది?" అంది అమ్మ.

అదృష్టం అటునుంచే వచ్చింది. డ్రమ్మర్ బావ మంత్రిగారి పీఏ. ఫిర్యాదుల ఫోన్ ఎవరూ ఎత్తకపోయేసరికి జనం నేరుగా ఆఫీసు మీదికొచ్చి పడుతున్నారు.

"వాళ్లని ఇంట్లోనే కూర్చోబెట్టే మార్గం చూడవయ్యా," అన్నారు మంత్రిగారు.

"ఫోనెత్తడానికి మనుషుల్ని పెడదామా సార్?"

"అంత దూరం ఎందుకు? పాట పెట్టు."

పెట్టారు. 'దయచేసి లైన్‌లో ఉండండి' అన్న ఆడగొంతు వెనకాలే ఉరుము ఉరిమాడు. మొదటి పాట నుంచి చివరిదాకా, మళ్లీ మొదటి నుంచి, ఊరు ఊరంతా వింది. ఖాళీ బిందె పక్కన పెట్టుకుని ఇల్లాళ్లు గిటార్‌కి తలాడించడం నేర్చుకున్నారు. తాతగార్లు చరణాలు అప్పజెప్పారు. ఇంత ఓపికైన శ్రోతలు ఏ బ్యాండ్‌కీ దొరకలేదని పత్రికలు రాశాయి. కరెంటు శాఖ వాళ్లు కుళ్లుకుని రెండో ఆల్బమ్ తమకే కావాలన్నారు.

"బాగానే పాడావురా," అంది అమ్మ ఒకరోజు, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటూ. చిన్నప్పట్నుంచీ ఆ మాట కోసమే కాచుకున్న ఉరుముకి కళ్లు చెమర్చాయి.

సన్మానం రోజున సోడాతో మొహం కడుక్కుని వెళ్లాడు. మంత్రిగారు శాలువా విప్పుతుండగా పీఏ వేదికెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఘోరం సార్. కొత్త గుమాస్తా ఒకడు ఫోనెత్తాడు."

"ఎవరిది?"

"మన ఉరుముగారి అమ్మదే. ఇంకా మాట్లాడుతున్నాడు. కుళాయి ఏ వీధిలో ఉందని కూడా అడుగుతున్నాడు."

మంత్రిగారి మొహం పాలిపోయింది. ఉరుము వైపు తిరిగి, "కళాకారులు, మీరే చెప్పండి. వాణ్ణేం చేయమంటారు?" అన్నారు.

ఉరుముకి ఎండిన కుళాయి కళ్లముందు మెదిలింది. అమ్మ మోసే బిందె మెదిలింది. "ఎక్కడ తెగ్గొట్టాడు?" అన్నాడు.

"అయిదో పాటలో. గిటార్ అందుకోబోతుండగా."

"సస్పెండ్ చేయండి."

ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చునే ఉంది.

"ఎవరో పాపం, మర్యాదగా పలికాడురా. వీధి పేరు చెబుతున్నాను, ఇంతలో ఏమైందో, మళ్లీ నువ్వే వచ్చావు."