మూడో గొట్టం

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా లెక్కల్లో జగన్నాధాన్ని మించినవాడు లేడు. ఆకాశంలో కొంగల బారు పోతుంటే తలెత్తకుండా, నేలమీద నీడలు చూసి ఎన్నున్నాయో చెప్పేవాడు. ఒక కొంగ వెనకబడితే అది వచ్చి కలిసేదాకా ఆగి మరీ చెప్పేవాడు.

అంతటి తాత ఇంట్లో ఉండగా మనవరాలికి వేరే మాస్టారెందుకు? అనిత విశాఖపట్నం హాస్టల్ నుంచి జ్వరంతో ఇంటికి వచ్చింది. జ్వరం దిగినా తిరిగి వెళ్ళనంది. ఇంటికాడే చదివి ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తానని కూర్చుంది. జగన్నాధం అటక మీంచి తన కాలంనాటి లెక్కల పుస్తకాలు దింపి, దుమ్ము దులిపి, వీశలూ మణుగులూ ఉన్న పేజీలు దాటించి పాఠం మొదలుపెట్టాడు. పాఠమంటే అనిత లెక్క చేస్తుండడం, తాత పక్కన కూర్చుని తల ఊపడం.

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లో అనుకున్న పని ఒక్కటే, డాబా మీద నల్ల ట్యాంకు కడగడం. అనిత తల్లి రాజకుమారి ట్యాంకు తుడిచి, మూత పెట్టి దిగివచ్చేసరికి గుమ్మంలో ఆటో ఆగింది. అందులోంచి ఆమె భర్త మురళీమోహన్ దిగాడు. ఉద్యోగం విశాఖపట్నంలో, రావడం ఎప్పుడో ఒక ఆదివారం.

"ఎల్లాజీ, ఆటో ఇక్కడే ఉంచు. పదింటికి బయల్దేరతాం," అని లోపలికి వచ్చి, "అనితా, బట్టలు సర్దుకో. హాస్టల్లో మాట్లాడేను," అన్నాడు.

అనిత పుస్తకం మూయలేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. జగన్నాధం లేచాడు.

"ఏటిరా నీ తొందర? ముందు దానికి ఒక లెక్క ఇచ్చి సూడు. తప్పితే తీస్కెల్లు."

"ఈ బూజు పుస్తకాల్లోదా నాన్నా?" మురళీమోహన్ చేతికందిన పేజీ తెరిచి పైకి చదివాడు. "'ఒక తొట్టిని ఒక గొట్టము నింపును, మరియొకటి ఖాళీ చేయును. రెంటిని ఒకేసారి తెరచిన...' చాల్లే. నింపుతూ నింపుతూ ఇంకోపక్క వదిలేసే తెలివితక్కువోడు లోకంలో ఎవడుంటాడు?"

"ఉన్నా లేకపోయినా లెక్క లెక్కే. మన ట్యాంకు మీదే సేయించి సూపిత్తాను," అన్నాడు జగన్నాధం. అన్నాక కొంచెం భయం వేసింది గాని, అప్పటికే పక్కింటి కూర్మమ్మ తన డాబా ఎక్కేసింది.

మోటారు వేస్తే ట్యాంకు గంటలో నిండుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. కిందటి ఆదివారం కడగడానికి బాత్రూం కుళాయి విప్పితే నిండు ట్యాంకు ఖాళీ కావడానికి మూడు గంటలు పట్టిందని రాజకుమారి చెప్పింది. అనిత కాగితం మీద రెండు గీతలు గీసింది. "రెండూ ఇప్పితే గంటన్నరకి నిండతాది."

"సరే. ముందు బేగు సర్ది గుమ్మంలో పెట్టు. ఎనిమిదికి మొదలు. తొమ్మిదిన్నరకి నిండితే బేగు విప్పెయ్. నిండకపోతే ఆటో ఎక్కు."

మోటారు వేశారు, కుళాయి విప్పారు. అనిత డాబా మీద వెదురుబద్ద పట్టుకుని ట్యాంకులోకి చూస్తూ కూర్చుంది. తొమ్మిది దాటాక కిందినుంచి జగన్నాధం అడిగాడు, "ఏటమ్మా, ఎంతొచ్చింది?"

"రావలసినంత రాలేదు తాతా."

అప్పుడు అతనికి గుర్తొచ్చింది. 

పెరటి గోడ వెనక అతని ఆనపపాదు, అంటే సొరపాదు, ఉంది. దాని కాయ అనితంత పొడుగు. ఒక్క చెంబుడు నీళ్ళు పోయకుండా, వట్టి తన చేతి చలవతో పెంచానని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గింజలే కూర్మమ్మకిస్తే ఆమె కూడా నీళ్ళు పోయకుండా నాటి, ఎండబెట్టుకుని, చెయ్యి మంచిది కాదని అతనిచేత మాటలు పడింది. అసలు సంగతి, ట్యాంకు నుంచి గోడ వారగా సన్నటి గొట్టం ఒకటి పాదులోకి ఉంది. కొబ్బరాకుల కింద చిన్న కుళాయి. రోజూ తెల్లవారుజామున విప్పి, ఇల్లు లేచేలోగా కట్టేసేవాడు. ఈవేళ ఎలాగూ ట్యాంకు కడుగుతారు కదా, అడుగు నీళ్ళు పాదుకి పోనీ అని విప్పి వదిలేశాడు.

మెల్లిగా పెరటివైపు అడుగేశాడు.

"నాన్నా, ఎక్కడికి? పందెం కాసినోడివి, ఇక్కడ కూర్చో," అని మురళీమోహన్ కుర్చీ వేశాడు. ఇంకోసారి లేస్తే కూర్మమ్మ పైనుంచి, "మావా, లెక్క ఇక్కడ ఒదిలీసి ఎక్కడికెల్తన్నావు?" అంది. జగన్నాధం చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

తొమ్మిదిన్నర అయింది. ట్యాంకు ముప్పాతిక దగ్గరే ఉంది.

"చూశావా?" అన్నాడు మురళీమోహన్. రాజకుమారి అడ్డం పడింది. ఆ మాటల గొడవలో జగన్నాధం గోడ వెనక్కి జారుకుని, కుళాయి బిగించి, ఇక త్వరగా నిండుతుందని గుండె నిబ్బరపరుచుకుని వచ్చాడు. వచ్చేసరికి అనిత మెట్లమీద నిలబడి ఉంది.

"లెక్క తప్పలేదు నాన్నా. గంటన్నరలో పావు ట్యాంకు తక్కువొచ్చింది. అంటే ఇంకో గొట్టం ఎక్కడో ఉన్నాది. అది నిండు ట్యాంకుని ఆరు గంటల్లో ఖాళీ సేస్తాది. నేను సెప్పింది నిజమైతే సరిగ్గా పదింటికి నిండాల. ముందు నిండినా, తర్వాత నిండినా బేగు తీస్కుని ఆటో ఎక్కేస్తాను."

జగన్నాధం మళ్ళీ గోడవైపు చూశాడు. పిల్ల చెప్పిన గొట్టాన్ని తన చేత్తోనే ఇప్పుడే కట్టేసి వచ్చాడు. మళ్ళీ విప్పాలి. సరే, మరి కట్టి ఉన్నంతసేపూ ఆగిన నీళ్ళ మాటేమిటి? ఎంత పారబోస్తే సరిపోతుంది? ఇక్కడ, మొదట్లో నేను చెప్పిన గొప్ప కొంచెం సడలించాలి. జగన్నాధం పదో తరగతి లెక్కల్లో తప్పాడు. ఒక్కసారి కాదు. కొంగల సంగతి కూడా, ఎవరూ తిరిగి లెక్కపెట్టలేదు కాబట్టి చెల్లింది.

ఎంతో తేలక గోడ వెనక్కి పరుగెత్తి, కుళాయిని బలంకొద్దీ తిప్పాడు. అది ఊడి చేతిలోకొచ్చింది. నీళ్ళు మొహాన కొట్టి, పాదులో పడి, పందిరి గుంజ కూలదోసి, సందులోంచి వీధిలోకి పారాయి.

"అన్నియ్యా, ఆటో కింద ఏరు పోతన్నాది," అని కేకేశాడు ఎల్లాజీ.

ఏరు ఎక్కడినుంచి వస్తోందా అని అందరూ దాని వెంబడే వచ్చారు. పాదు మధ్యలో, గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నిలువునా తడిసి జగన్నాధం కనబడ్డాడు.

"పైపు ఇప్పుడే పగిలిందా నాన్నా?" అన్నాడు మురళీమోహన్.

అవునంటే పాదు పరువు నిలుస్తుంది. కాని పిల్ల చెప్పిన మూడో గొట్టం అబద్ధమైపోతుంది. గోడ మీంచి కూర్మమ్మ వంగి చూస్తోంది. జగన్నాధం ఒకసారి ఆనపకాయవైపు, ఒకసారి అనితవైపు చూశాడు.

"నేదురా," అన్నాడు. "తెల్లారగట్ల నించీ ఇప్పే ఉన్నాది. రోజూ ఇప్పుతాను."

"ఆరు గంటలన్నది?"

"అదీ నిజిమే. శివరాత్రికి మీరందరూ ముఖలింగం ఎల్లినారు సూడు, ఆ వేళ ట్యాంకు నిండా ఉండగా నాలుగింటికి ఇప్పి మర్చిపోనాను. పదింటికి ట్యాంకులో సుక్క నేదు. మీరొచ్చినాక, ఎల్తూ కుళాయి ఇప్పీసి నీళ్ళు పారబోసినావని రాజకుమారిని తిట్టినాను."

రాజకుమారి మామగారివైపు తిరిగింది. చీర కొంగు బిగించి అలా చూసింది, అంతే. మురళీమోహన్ అరచేతిలో వేలితో గీసుకుని, భాగించి, మళ్ళీ కలిపి, చివరికి కూతురివైపు తిరిగాడు.

"నింపుతూ నింపుతూ ఇంకోపక్క వదిలేసేవాడు ఎవడుంటాడని అడిగేవు కదా నాన్నా," అంది అనిత. "దొరికాడు."

పదింటికి ఆటో కదిలింది. మురళీమోహన్ ఒక్కడే ఎక్కాడు, ఒళ్ళో ఆనపకాయ. అనిత బేగు విప్పి బట్టలు దండెం మీద వేసింది. కూర్మమ్మ మాత్రం గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

"మావా, నా సెయ్యి మంచిది కాదన్నావు. ఆ గొట్టం ఇంకో బారెడు పెంచి గోడ ఇవతలకి ఒదులు."

ఆనపకాయ అనితంత పొడుగన్నది నేను కల్పించిందే, నిజానికి అనిత నడుము దాకానే వస్తుంది. నీళ్ళు పోయకుండా పెరిగిందన్నది మాత్రం జగన్నాధం కల్పన, దానికీ నాకూ సంబంధం లేదు.