వకుళ గుటక

వకుళ గొంతులోని గుటకను తీసి నాలుగేళ్ల కూతురు శర్వాణికి అమర్చారు. పుట్టినప్పటి నుంచీ ఆ పాపకు మింగుడు పడదు. జావ పట్టినా పొలమారి ఊపిరాడక నీలంగా మారిపోయేది. "తల్లి గుటక పిల్లలకు ఇట్టే సరిపోతుంది, మామూలే" అన్నారు డాక్టరుగారు.

నిజానికి ముందు తన గుటక ఇస్తానన్నది భర్త రాజారత్నం. ఆసుపత్రిలో గుటకల విభాగం గుమాస్తా అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఉద్యోగస్తులు కదండీ. రేపు పై అధికారి మాటలు దేంతో మింగుతారు?"

అదీ నిజమే అనిపించి రాజారత్నం ఊరుకున్నాడు.

పాప మెలకువగా ఉన్నంతసేపూ గుటక పాపదే. నిద్రపోతే కాసేపు వకుళకు తిరిగొచ్చేది. చల్లారిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేలోపే పాప లేచేది. వకుళ ముద్ద ఉమ్మేసి పరుగెత్తేది. ఒక చెంచా జావ పట్టడం, ఆ చిన్న గొంతు కదిలేదాకా తనూ ఊపిరి బిగబట్టడం, మళ్లీ చెంచా. చుట్టాలు మాత్రం "సన్నబడ్డావే, బావున్నావు" అన్నారు.

ఆడపడుచు కొడుకు అన్నప్రాశన నాడు చిక్కు వచ్చింది. ఆరు నెలల ఆ పిల్లాడు పాయసం చప్పరించి ఇంకా కావాలని చేతులాడించాడు. అది చూసి అత్తగారు మహాలక్ష్మమ్మ పంక్తిలో అందరి ముందూ అంది:

"గారం చేసి దాన్ని నువ్వే పాడుచేశావే. నాలుగు ముద్దలు కుక్కితే అదే దిగుతుంది. మేం పెంచలేదూ పిల్లల్ని?"

ఇలాంటివి వకుళ ఎప్పుడూ మింగేసేది. ఆ పూట గుటక పాప దగ్గరుంది. మాట గొంతులో అడ్డంపడి, మరో మాటను వెంటబెట్టుకుని బయటికొచ్చింది.

"కుక్కితే చచ్చిపోతుందత్తయ్యా! నాలుగేళ్లుగా నాకు కంటినిండా నిద్ర లేదు. ఎవరైనా ఒక్క పూట పట్టండి జావ. ఒక్క పూట."

ఆమె చెంచా చాపింది. ఎవరూ అందుకోలేదు. రాజారత్నం విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు.

కోడలు మాటలు మింగడం లేదని మర్నాడే కుటుంబం ఫిర్యాదు చేసింది. విభాగానికి ఇలాంటివి కొత్త కాదు. వకుళకు వెంటనే, ఉచితంగా, ఇంకో గుటక అమర్చారు. అన్నానికీ నీళ్లకూ అది పనికిరాదు. మాటలకూ కన్నీళ్లకూ మాత్రమే.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాడు గుమాస్తా.

వకుళ ఏదో అనబోయి, మింగింది. గుమాస్తా తృప్తిగా తలూపాడు.

ఇప్పుడు మహాలక్ష్మమ్మ వీధిలో అందరికీ చెబుతోంది: "మా కోడలికి ఎంత ఓర్పనుకున్నారు!"