పెద్దాయన నోరు విప్పాడు

మా భోజనాల బల్ల మీద రెండు యూనిక్స్ కంప్యూటర్లు కాపురముంటున్నాయి. సగం బీరువా అంత ఉన్నది పెద్దాయన, పుస్తకమంత ఉన్నది చిన్నోడు. మిగిలిన జానెడు చోటులో నేనూ మా ఆవిడా కంచాలు సర్దుకుంటున్నాం.

పెద్దాయనకి తెర పోయింది. ప్రాణం ఉంది గానీ మాట బయటికి రాదు.

“రాత్రికి మా తమ్ముడు వాళ్లు భోజనానికొస్తున్నారు. సాయంత్రంలోగా అది మాట్లాడితే ఇంట్లో ఉంటుంది. లేదా పాతసామాన్లవాడికిచ్చేస్తా,” అంది మా ఆవిడ.

“మాట్లాడించి తీరతా! మాట తప్పవుగా?”

“నేనెప్పుడైనా తప్పానా?”

చూస్తా, నేనో ఈ పెట్టో తేలిపోవాలి అనుకున్నాను. ఇద్దరి వీపులకీ సీరియల్ కన్సోల్ కేబుల్ బిగించాను. ఇక పెద్దాయన మాటలన్నీ చిన్నోడి తెర మీద కనబడాలి. వచ్చినవాళ్లని పేరడిగే కాపలా ప్రోగ్రాం పెద్దాయన లోపల మొదట్నుంచీ ఉంది. చిన్నోడు చిన్నబుచ్చుకుంటాడేమోనని కేబుల్ ఇవతలి కొసన వాడికీ ఒకటి పెట్టాను.

అంతే, తెర నిండా వరద. ‘పేరేమిటి?’ ‘తప్పు! పేరేమిటి?’ ‘తప్పు! పేరేమిటి?’

కేబుల్ మార్చాను. మరలు బిగించాను. బల్ల కింద దూరి, లేస్తూ తల బొప్పి కట్టించుకున్నాను. వరద ఆగలేదు.

“ఏవండీ, ఏంటా గోల?” అంటూ మా ఆవిడ గరిటెతో వచ్చి తెర చూసింది. “తలుపుకి అటొకరూ ఇటొకరూ నిలబడి ‘ఎవరది’ అంటే ‘ఎవరది’ అని అరుచుకుంటే తలుపెవరు తీస్తారు? ఇద్దర్లో ఒకరు నోరు మూసుకోవద్దూ?”

నా మొహం మాడిపోయింది. చిన్నోడి కాపలా తీసేశాను. పెద్దాయన ఒక్కసారి పేరడిగాడు, చెప్పాను, లోపలికి రానిచ్చాడు. సంతోషం పట్టలేక గంతేశాను.

“గెలిచాను! ఇక ఇది ఉంటుంది!”

“ఉంటుందండీ. అయితే దాని మొహం చూడక్కర్లేకుండానే పని జరుగుతుందన్నమాట?”

“అదే కదా దీని గొప్ప!”

“ఆ కేబుల్ పొడుగ్గా దొరుకుతుందా?”

“దొరకడమేంటి, నా దగ్గరే ఉంది! పక్క గదిదాకా లాగొచ్చు!” అన్నాను ఛాతీ విరుచుకుని.

“అటక మీద దాకా?”

వెళ్లి నిచ్చెన తెచ్చాను.

బావమరిది వచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. పెద్దాయన అటక మీద, చిన్నోడు దాని కింద స్టూలు మీద ఉన్నారు.

“ఏం బావా, కంప్యూటర్లు తీసేశారా?” అన్నాడు వాడు.

“అయ్యో, లేదురా, బాగుచేసి పైకి పంపారు,” అంది మా ఆవిడ వడ్డిస్తూ.

ఇద్దర్లో ఒకరు నోరు మూసుకోవాలి కదా. నేను తలొంచుకుని భోంచేశాను.