నాగరత్నమ్మ గారి కుడి మోకాలు

మానవదేహంలోని అవయవాలన్నింటిలోనూ రాజ్యపాలనకు తగినది మోకాలొక్కటే. కిరీటాలు మాసిపోయాయి, సింహాసనాలు మ్యూజియాలకు చేరాయి. తిరుపతి కొర్లగుంటలో మాత్రం నాగరత్నమ్మ గారి కుడి మోకాలు ఏళ్ళ తరబడి నిరాటంకంగా ఏలుతూ వచ్చింది. ఆ మోకాలికి నొప్పి ఉన్న మాట వాస్తవం. అది కాస్తంతేననీ, వానాకాలంలో తప్ప కనిపించదనీ ఆమె ఒక్కతెకే తెలుసు. దాని చలవ వల్ల మేడమెట్లు ఎక్కే పని తప్పింది, పొయ్యి దగ్గర నిలబడే పని తప్పింది, వడమాలపేటలోని ఆడపడుచు ఇంటికి పోవలసిన పని మరీ ముఖ్యంగా తప్పింది. హాల్లో వాలుకుర్చీలో ఆసీనురాలై, కాఫీ మొదలు కళ్ళజోడు వరకు సమస్తాన్నీ కోడలు లోకేశ్వరి చేత తెప్పించుకోవడమే ఆ పాలనలోని ప్రధాన ఘట్టం.

ఆ మంగళవారం ఉదయం ఆమె వీడ్కోలు విందు గురించి యోచిస్తోంది. మేడ మీది గదిలో ఉంటున్న జోఫియా, పోలండ్ నుంచి ఒక సెమిస్టరు పాటు తెలుగు చదువుకోవడానికి వచ్చిన పిల్ల, వచ్చే సోమవారం విమానం ఎక్కుతుంది. పరీక్షలు ముగిశాయి. ఇప్పుడు ఆ పిల్ల ప్రతి పనికీ ‘చివరిసారి’ అని ఒక తోక తగిలించి తిరుగుతోంది: చివరిసారి శ్రీకాళహస్తి బస్సు, చివరిసారి రాగి సంగటి, చివరిసారి కరెంటు పోవడం. తమ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్ళాక, ఈ సెమిస్టరు తనకేమి నేర్పిందో ప్రసంగించాలట. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది.

“ఆదివారం మద్దేనం పప్పువడ, పులిహోర, పాయసం. నేను ఈడ కూసోని చెప్తా ఉంటా, నువ్వు చేసేయి,” అని ఆజ్ఞాపించింది నాగరత్నమ్మ.

“ఎప్పుడూ జరిగేది అదే గదత్తా,” అంది లోకేశ్వరి.

అంతలో గేటు చప్పుడైంది. తెల్లవారుతూనే కొండకు పోయిన జోఫియా తిరిగి వచ్చింది. నడుము దాటిన బంగారు రంగు జడ లేదు. నున్నటి గుండు, దాని మీద చందనం.

తిరుపతిలో గుండు వింత కాదు. ఇక్కడ గుండును చూసి ఎందుకని ఎవరూ అడగరు. ఏం మొక్కని అడుగుతారు. ఎదురింటి కుప్పమ్మ అడగనే అడిగింది. జోఫియా చెవుల దాకా ఎర్రబడి, “చెప్పకూడదు” అని మేడెక్కేసింది.

చెప్పని మొక్కును ఊహించడం కుప్పమ్మకు జన్మతః అబ్బిన విద్య. “సూడక్కా, ఆ పాపకు సదువైపోయింది. పెండ్లి మాట లేదు. ఊరికి పోయేదానికి టికెట్టుండాది. ఇంగ సామినేమడుగుతాది? దినామూ లేస్తానే ఆ పాప ఎవురినేమడుగుతాది?”

ప్రతి ఉదయం జోఫియా అడిగేది ఒక్కటే: “అమ్మా, మోకాలు ఎట్లుండాది?” ఈ ఊళ్ళో ఆమె నేర్చిన మొదటి పూర్తి వాక్యం అది.

“నీ మోకాలికే మొక్కిందక్కా! అట్లాంటి జడ ఇచ్చేసింది!”

నాగరత్నమ్మ పరవశించిపోయింది. కన్న కొడుకు కూడా తన మోకాలి కోసం ఒక్క వెంట్రుక ఇచ్చినవాడు కాదు. ఆ తన్మయత్వం ఇంకా తీరకముందే కుప్పమ్మ రెండో ప్రశ్న వేసింది.

“మొక్కు సెల్లించేసిందంటే పని అయిపోయినట్టే గదా. బాగైందా మోకాలు?”

ఇది ధర్మసంకటం. కాలేదంటే స్వామికి అపకీర్తి, పరదేశపు పిల్ల జడ వృథా, ఊరు విడిచిపోయే వేళ ఆ పిల్ల మనసుకు గాయం. అయిందంటే వాలుకుర్చీ గతేమిటి? మేడ మీద తువ్వాలు ఆరేస్తూ మెరుస్తున్న గుండు వైపు ఒకసారి చూసి, “బాగైంది కుప్పమ్మా,” అంది, రాజ్యం త్యజిస్తున్న స్వరంతో.

ఆ మాట వంటగదికి వినబడింది. “కాఫీ ఈడ గట్టు మీదుండాదత్తా, వచ్చి తాగు,” అని అక్కడి నుంచి జవాబు వచ్చింది.

మరునాడు ఆమె మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టింది. ఆ మరునాడు ఆడపడుచు ఫోన్ చేసి, “బాగైందంట గదా వదినా, ఇంగ సాకులు సెప్పబాక,” అని తన ఇంటికి రప్పించుకుంది. శుక్రవారం కుప్పమ్మ మళ్ళీ వచ్చింది.

“ఆ పాప రేపు చివరిసారి అలిపిరి మెట్లెక్కి పోతాదంట. బాగైన మోకాలికి మోకాళ్ళ పర్వతం సూపించకపోతే ఎట్లక్కా? తోడు పో.”

మోకాళ్ళ పర్వతమంటే ఆ దారిలో భక్తులు మోకాళ్ళ మీద ఎక్కే నిట్టనిలువు మెట్ల వరుస. శనివారం నాగరత్నమ్మ అక్కడికి చేరేసరికి లోకంలోని దేవతలందరినీ పేరుపేరునా పిలిచి ముగించింది. జోఫియా ఆమె చేయి పట్టుకుంది.

“అమ్మా, ప్రసంగంలో ఏం చెప్పాలో తెలిసింది. మా ఊర్లో ఒకరి మోకాలు గురించి ఇంకొకరు అడగరు. ఈడ వీధంతా అడుగుతారు. అదే నేను నేర్చుకున్నాను.”

వీధి అంతా అడగడం వల్ల కలిగే ఫలితాన్ని నాగరత్నమ్మ ఆ క్షణంలో సంపూర్ణంగా అనుభవిస్తోంది. పిల్ల గుండు నిమిరి, పైకి ఎక్కింది.

కొండెక్కిన మోకాలి కీర్తి ఆదివారం విందుకు వచ్చినవాళ్ళందరికీ చేరింది. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు పప్పువడ కంటే జోఫియానే ఎక్కువ చూస్తున్నారు. కుప్పమ్మ మొగుడు మునివెంకటప్ప గొంతు సవరించుకున్నాడు.

“పాపా, నీ మొక్కు బలే పనిచేస్తాది. పోయేలోపల నా కడుపులో గ్యాసుకి గూడా ఒకటి మొక్కు తల్లీ.”

“గుండయిపోయింది గదా, ఇంగేమి ఇస్తాది?” అంది లోకేశ్వరి.

“కనుబొమలుండాయి గదమ్మా!”

జోఫియా రెండు చేతులతో కనుబొమలు కప్పుకుని లేచి నిలబడింది. “మొక్కు లేదు! నాకు తలలో పేలు! మందు పెట్టినా పోలేదు. ఎట్లయినా తీసేయాలి గదా, అందుకే కొండ మీద ఇచ్చినాను!”

పాయసం గరిటె గాలిలో ఆగిపోయింది. అందరికంటే ముందు తేరుకున్నది నాగరత్నమ్మ. మొక్కే లేకపోతే మహిమా లేదు; మహిమ లేకపోతే నొప్పి తిరిగి తనదే. “లోకేశ్వరీ, కుర్చీ ఈడికి తేవే! మోకాలు నొస్తా ఉండాది!” అని అరిచింది. అది అక్షరసత్యం. చీర కింద మోకాలు వాచి, నిన్నటి నుంచి నిప్పులు కక్కుతోంది.

“కొండెక్కొచ్చిన మోకాలికి కుర్చీ యాలత్తా? నడిచొచ్చి కూసో,” అంది లోకేశ్వరి, ఎడమచేత్తో తన తల గోక్కుంటూ.

గోకుడు వరుసంతా పాకింది. “యాడ అంటుకున్యాయమ్మా, కాలేజీలోనా?” అని కుప్పమ్మ గద్దించింది.

జోఫియా తల దించుకుంది. “ప్రతి శుక్రవారం అమ్మే నాకు నూనె పెట్టి, తల దువ్వి, జడ వేసినారు,” అంది, వీలైనంత ప్రేమగా.

దువ్వెన నాగరత్నమ్మ గారిది.